దేవుళ్ళు వదల్లేదు.. సినిమావాళ్ళు వదిలేశారు!

హెర్క్యులిస్ ఎవరయ్యా అంటే ఇంగ్లీషు సినిమాలు చూసే కుర్రాళ్ళెవరైనా ఠక్కున చెప్పేస్తారు. కండలు తిరిగిన వస్తాదు! సింహాన్ని వట్టి చేతుల్తో పీక నులిమి చంపినవాడు! ఎవరివల్లా కాని పన్నెండు పనులు చేసి చూపించిన మొనగాడు! బాగానే ఉంది. మరి ఆ పన్నెండు పనులూ ఎందుకు చేశాడండీ? ఏ రాజకుమార్తె చెయ్యి పట్టుకోవడానికో, ఏ సింహాసనం కోసమో అనుకుంటున్నారా? అబ్బే, కాదు. కడుపున పుట్టిన బిడ్డల్ని తన చేతుల్తో తనే చంపుకున్నాడు. ఆ పాపానికి పడ్డ శిక్ష అది.

"అదేమిటి, సినిమాలో అలా లేదే!" అంటారు మీరు. ఉండదు మరి. గ్రీకు పురాణాలు వెండితెర ఎక్కేటప్పుడు మొట్టమొదట కత్తెర పడేది సరిగ్గా అక్కడే. రాక్షసులుంటారు, రథాలుంటాయి, రెక్కల గుర్రాలుంటాయి. హీరో చేతికంటిన నెత్తురు మాత్రం ఉండదు. అసలు కథల్లో ఏ వీరుణ్ణీ దేవుళ్ళు ఊరికే వదిలిపెట్టలేదు. వదిలిపెట్టింది సినిమావాళ్ళే! ఈ వారం మన ముచ్చట ఆ కడిగేసిన చేతుల గురించే.

మైల అంటే మైలే!

ముందు గ్రీకుల లెక్కేమిటో కాస్త తెలుసుకుందాం. మనిషిని చంపితే చంపినవాడికి ఒక మైల అంటుకుంటుందని వాళ్ళ నమ్మకం. దాన్ని వాళ్ళు 'మియాస్మా' అన్నారు. కావాలని చంపావా, పొరపాటున చంపావా, ఒళ్ళు తెలియని పిచ్చిలో చంపావా అన్నది ఆ మైలకు పట్టదు. నెత్తురు చిందిందా, అంటుకుంటుంది. అంతే. ఆ మైల ఉన్నవాడు గుళ్ళోకి రాకూడదు, నలుగురితో కలవకూడదు. వాడివల్ల ఊరంతటికీ అరిష్టం. శుద్ధి చేసుకోవాలి, లేదా ఊరు విడిచిపోవాలి.

ఈ పట్టింపు ఎంతదాకా వెళ్ళిందంటే, ప్రాచీన ఏథెన్స్‌లో ఏ రాయో రప్పో మీదపడి మనిషి చనిపోతే, ఆ రాయి మీద కూడా విచారణ జరిపి ఊరి పొలిమేర అవతల పారేయించేవారు. నవ్వొస్తోందా? మనకు నవ్వు రావచ్చుగాని, ఆ జనం చెప్పుకున్న కథల్లో హీరో అంటే ఎవడో దీన్నిబట్టే తెలుస్తుంది. హీరో అంటే తప్పు చేయనివాడు కాదు. చేసిన తప్పును భుజాన వేసుకుని నడిచినవాడు.

మన పౌరాణికాలు చూసి పెరిగిన ప్రేక్షకుడికి ఇది మరీ వింత సంగతేం కాదు. చీకట్లో ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేసిన దశరథుడికి మునిశాపం తప్పిందా? పుత్రశోకంతో పోలేదూ? తెలియక చేశాడులే పాపం అని ఏ దర్శకుడూ ఆ ఘట్టం ఎత్తెయ్యలేదు. ఎత్తేస్తే రామాయణం నడవదు!

సింహం మీదికి ఒకసారి.. రాజు మీదికి ఒకసారి!

ఇప్పుడు హెర్క్యులిస్ దగ్గరికొద్దాం. గ్రీకులో ఇతని పేరు హెరాక్లీస్. దేవతల రాజు జియస్ ఒక మానవకాంత ఆల్క్‌మీనీ దగ్గరికి మారువేషంలో వెళ్ళగా పుట్టినవాడు. జియస్ భార్య హీరాకు కడుపుమంట. ఆ కోపమంతా బిడ్డ మీద చూపించింది. పెరిగి పెద్దవాడై, మెగారా అనే ఆమెను పెళ్ళాడి, పిల్లల్ని కని హాయిగా ఉన్న సమయంలో హీరా అతనికి పిచ్చి పట్టించింది. ఆ పిచ్చిలో తన పిల్లల్నే శత్రువులనుకుని చంపేశాడు. తెలివి వచ్చాక చూసుకుంటే ఏముంది!

డెల్ఫీ ఆలయానికి వెళ్ళి నాకేది దారి అని అడిగితే, యూరిస్థియస్ అనే రాజు దగ్గర పన్నెండేళ్ళు ఊడిగం చెయ్యమని వాక్కు వచ్చింది. ఆ రాజు పిరికివాడు. అలాంటివాడి కింద ఇంతటివాడు పని చెయ్యాలి. అదీ శిక్ష! మొదట చెప్పింది పది పనులే. పదీ చేసుకొచ్చాక రాజు రెండు పనులు కొట్టేశాడు. తొమ్మిది తలల హైడ్రాను చంపేటప్పుడు తమ్ముడి కొడుకు సాయం పట్టావు కాబట్టి అది చెల్లదన్నాడు. ఆజియస్ పశువులశాల శుభ్రం చేసినందుకు కూలి అడిగావు కాబట్టి అదీ చెల్లదన్నాడు. అలా పది కాస్తా పన్నెండయ్యాయి. లోకంలో ఇంతకంటే పిసినారి యజమాని ఉంటాడా?

మరి తెరమీద ఏమైందో చిత్తగించండి.

1958లో ఇటలీలో పియెట్రో ఫ్రాన్సిస్కీ దర్శకత్వంలో 'హెర్క్యులిస్' వచ్చింది. హీరో స్టీవ్ రీవ్స్. 1950లో మిస్టర్ యూనివర్స్ అయిన అమెరికన్ కండలవీరుడు. జోసెఫ్ లెవీన్ అనే అమెరికన్ వ్యాపారి ఈ బొమ్మను కొని, 1959లో తన దేశంలో వందలాది ప్రింట్లతో ఒక్కసారిగా విడుదల చేసి కనకవర్షం కురిపించుకున్నాడు. ఆ దెబ్బతో ఇటలీలో ప్రతివాడూ ఒక వస్తాదును పట్టుకొచ్చి చర్మం చుట్టబెట్టి సినిమా తీయడం మొదలుపెట్టాడు. 1960ల మధ్యలో ఇటాలియన్ కౌబాయ్ చిత్రాలు ఊపందుకునేదాకా ఆ జోరు తగ్గలేదు.

ఆ చిత్రంలో మెగారా లేదు, పిల్లలూ లేరు. పిల్లలే లేకపోతే హత్యేముంటుంది? ఇంకో తమాషా చూడండి. ఇఫిటస్ అనే రాజకుమారుణ్ణి పిచ్చి ఆవేశంలో కోటగోడ మీదనుంచి తోసి చంపాడని కూడా పురాణంలో హెర్క్యులిస్ మీద ఒక నేరం ఉంది. ఆ ఇఫిటస్ సినిమాలో ఉన్నాడు, చనిపోతాడు కూడా. కాని చంపేది హెర్క్యులిస్ కాదు, సింహం! రాజు అన్యాయంగా హీరోని నిందిస్తాడు. ప్రేక్షకులు అయ్యో అంటారు. నేరం సింహం నెత్తిన పడింది, జాలి హీరో ఖాతాలో పడింది. ఆ ఇఫిటస్ హత్యకే శిక్షగా పురాణంలో హెర్క్యులిస్‌ను ఓంఫలీ అనే రాణికి బానిసగా అమ్మేస్తారు. మరుసటేడు వచ్చిన రెండో భాగంలో ఓంఫలీ కూడా ఉంది. కాని అక్కడ హీరో మరపు తెప్పించే నీళ్ళు తాగి, ఒళ్ళు తెలియక ఆమె వలలో పడతాడు. శిక్ష కాస్తా శృంగారం అయి కూర్చుంది!

తర్వాత 1997లో డిస్నీవాళ్ళ బొమ్మల చిత్రం. రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ తీశారు. పాటలు, హాస్యం, రంగులు.. చూడ్డానికి పసందుగా ఉంటుంది, కాదనను. అందులో హీరా చల్లని తల్లి. హెర్క్యులిస్ ఆమె కన్నబిడ్డ. హీరోయిన్ ఎవరనుకున్నారు? మెగారా! ఏ మెగారా పిల్లల నెత్తురుతో ఈ కథంతా మొదలైందో ఆ మెగారాతోనే చివర హీరో చెట్టాపట్టాలు! పిల్లల సినిమా కదా, హత్య ఎలా చూపిస్తారు అంటారా? నిజమే. కాని ఆ పేరే ఎందుకు? వేరే పేరు దొరకలేదా?

2014లో బ్రెట్ రాట్నర్ తీసిన 'హెర్క్యులిస్' పెద్దల చిత్రం. డ్వేన్ జాన్సన్ హీరో. ఇందులో మాత్రం భార్యాబిడ్డలు చనిపోయిన సంగతి ఉంది. నేనే చంపానేమోనని హీరో లోలోపల కుమిలిపోతూ ఉంటాడు. ఆహా, ఎట్టకేలకు ఒకరు ధైర్యం చేశారు అనుకుంటాం. చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.. చంపింది ఆయన కాదట! రాజు యూరిస్థియస్ హీరోకి మత్తుమందు ఇచ్చి తోడేళ్ళను ఉసిగొల్పి చంపించాడట! 'అసలు హంతకుడు వీడే' అని ఫ్లాష్‌బ్యాక్‌లో తేలే డిటెక్టివ్ కథల్లాగా మూడువేల ఏళ్ళ కథ ముగిసింది. 1958లో నేరం సింహం మీదికి పోయింది. 1997లో అసలు నేరమే లేదు. 2014లో రాజు మీదికి పోయింది. ఎవరి మీదికి పోయినా హీరో మీద మాత్రం ఈగ వాలలేదు.

తాతను చంపిన మనవడు

రెండో మొనగాడు పెర్సియస్. ఇతని కథ 1981లో 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' పేరుతో వచ్చింది. డెస్మండ్ డేవిస్ దర్శకుడు. జియస్‌గా సాక్షాత్తూ లారెన్స్ ఒలివియర్! దేవతల్లో మ్యాగీ స్మిత్, క్లెయిర్ బ్లూమ్, అర్సులా ఆండ్రెస్. స్క్రిప్టు రాసిన బెవర్లీ క్రాస్ మ్యాగీ స్మిత్ భర్తే. ట్రిక్కుల మాంత్రికుడు రే హారీహౌసెన్‌కు అది చివరి పూర్తి నిడివి చిత్రం.

అందులో మెడూసా ఘట్టం చూసినవాళ్ళు మరిచిపోలేరు. మిణుకు మిణుకుమనే మంటల వెలుగు, స్తంభాల చాటున పాకుతూ వచ్చే సగం పాము శరీరం, తలనిండా కదిలే పాములు.. ఆ బొమ్మను ఫ్రేము ఫ్రేముకీ చేత్తో ఇసుమంత కదిపి ఫోటో తీశాడు హారీహౌసెన్. ఆ పాములన్నిటినీ విడివిడిగా కదపాలి! ఈనాటి కంప్యూటర్లు లేని రోజుల్లో అదీ ఓపిక.

కాని కథ సంగతి? అర్గోస్ రాజు అక్రిసియస్‌కు, నీ కూతురి కొడుకు చేతిలో నీ చావు రాసుంది అని వాక్కు వచ్చింది. కంసుడికి దేవకి బిడ్డ గురించి వచ్చినట్టన్నమాట. కూతురు డానేను కంచు గదిలో బంధించాడు. జియస్ బంగారు వానగా ఆ గదిలోకి దిగాడు. పెర్సియస్ పుట్టాడు. తల్లినీ బిడ్డనీ పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలేశాడు తాత. ఆ పెట్టె సెరిఫోస్ దీవికి కొట్టుకుపోయింది. అక్కడ పెరిగిన పెర్సియస్ మెడూసా తల తెగవేశాడు, ఆండ్రోమెడాను కాపాడి పెళ్ళాడాడు. ఇంతవరకు అందరికీ తెలుసు.

తర్వాతేమైంది? లారిస్సా అనే ఊళ్ళో ఆటల పోటీల్లో పెర్సియస్ చక్రం విసిరాడు. అది గురితప్పి చూడవచ్చిన ఒక ముసలాయనకు తగిలింది. ప్రాణం పోయింది. ఆ ముసలాయనే అక్రిసియస్. తెలిసి చంపలేదు, పగతో చంపలేదు. అయినా పెర్సియస్ ఏం చేశాడు? తాతను చంపి తాత సింహాసనం ఎక్కడానికి సిగ్గుపడి, అర్గోస్ రాజ్యాన్ని బంధువు మెగపెంథిస్‌కు ఇచ్చేసి, బదులుగా అతని టిరిన్స్ రాజ్యం తీసుకున్నాడు. దేవుడెవడూ దిగివచ్చి శిక్షించలేదు. తన శిక్ష తనే వేసుకున్నాడు. అన్ని పురాణ వీరుల్లోకీ పెర్సియస్‌ది ప్రశాంతమైన జీవితమని పేరు. ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

సినిమాలో? మొదటి పది పదిహేను నిమిషాల్లోనే జియస్ ఒక మట్టిబొమ్మను పిడికిట్లో నలిపేస్తే అక్రిసియస్ అక్కడ చచ్చిపడతాడు. హీరో అప్పటికింకా పసివాడు. హత్య దేవుడు చేసి పెట్టాడు! ఇక 2010లో మళ్ళీ తీసినప్పుడు ఇంకో అడుగు ముందుకేశారు. అక్రిసియస్‌ను తాత కాకుండా డానే మొగుణ్ణి చేసి, వికృతరూపం తగిలించి రాక్షసుణ్ణి చేసేశారు. రాక్షసుణ్ణి చంపితే చప్పట్లే గాని మైల ఏముంది?

మెడూసా మాట కూడా ఒక్క ముక్క చెప్పుకోవాలి. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ప్రకారం ఆమె ఒకప్పుడు చక్కని చుక్క. సముద్రదేవుడు గుళ్ళోనే ఆమెను బలవంతం చేస్తే, ఆ గుడి దేవత కోపం వచ్చి శిక్షించింది. ఎవర్ని? దేవుణ్ణి కాదు, ఆమెను! జుట్టు పాములుగా మార్చింది. గ్రీకు, రోమన్ దేవతల శిక్షలన్నీ న్యాయమైనవేమీ కావన్నమాట. ఆ అన్యాయాన్ని కవి దాచలేదు. చదివినవాడు నొచ్చుకోవాలనే రాశాడు. తెరమీదికొచ్చాక ఆమె నరకాల్సిన తల మాత్రమే.

ఎనిమిది రీళ్ళ ముందే శుభం!

మూడోవాడు జేసన్. బంగారు ఉన్ని తెచ్చిన నావికుడు. 1963 నాటి 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్' పిల్లలకీ పెద్దలకీ ఇప్పటికీ ఇష్టమైన చిత్రం. డాన్ చాఫీ దర్శకుడు, టాడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ హీరో, ట్రిక్కులు మళ్ళీ హారీహౌసెన్‌వే. చివర ఏడు అస్థిపంజరాలతో ముగ్గురు మనుషుల కత్తియుద్ధం ఉంటుంది. తెరమీద కొద్ది నిమిషాలే. బొమ్మలు కదపడానికి పట్టింది నాలుగున్నర నెలలు! నటులేమో లేని శత్రువుతో ముందే గాలిలో కత్తులు తిప్పారు. ఆ తిప్పుడుకు సరిపోయేలా ఎముకల బొమ్మల్ని తర్వాత ఒక్కడే కూర్చుని ఆడించాడు. బెర్నార్డ్ హెర్మన్ సంగీతం సరేసరి.

ఆ యుద్ధం అయ్యాక జేసన్ సముద్రంలోకి దూకి ఓడెక్కుతాడు. మెడియా పక్కన ఉంటుంది. ఉన్ని చేతికొచ్చింది. పైన ఒలింపస్ మీద జియస్ మాత్రం, జేసన్‌తో నా ఆట ఇంకా అయిపోలేదు అన్నట్టు మాట్లాడతాడు. సినిమా అక్కడ ఆగిపోతుంది. ఆ ఒక్క మాట దగ్గర నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే మిగిలిన కథ తెలుసు గనక!

ఉన్ని కోసం మెడియా తండ్రిని మోసం చేసింది. తరుముకొస్తున్న తండ్రిని ఆపడానికి తమ్ముణ్ణి బలి పెట్టింది. ఇల్లూ దేశం వదిలి జేసన్ వెంట వచ్చింది. అతను దేవుళ్ళ సాక్షిగా ఆమెకు ప్రమాణం చేశాడు. పదేళ్ళయ్యాక కోరింత్ రాజు కూతురు దొరికేసరికి, పిల్లల భవిష్యత్తు కోసమేలే అంటూ మెడియాను వదిలేసి పెళ్ళికి సిద్ధపడ్డాడు. మెడియా పెళ్ళికూతురికి విషం పూసిన చీరెలాంటి వస్త్రం పంపింది. ఆమే, ఆమె తండ్రీ మాడిపోయారు. ఆ తర్వాత మెడియా తన ఇద్దరు కొడుకుల్నీ చంపింది. యూరిపిడిస్ ఈ కథను నాటకంగా రాసి క్రీ.పూ. 431లో ఆడించాడు. పోటీలో మూడో స్థానం, అంటే ఆఖరి స్థానం వచ్చింది. ఆ నాటకమే ఈనాటికీ ప్రపంచమంతా ఆడుతోంది!

జేసన్ ఏమయ్యాడు? దిక్కులేనివాడై, పుచ్చిపోయిన తన ఆర్గో ఓడ నీడలో పడుకుని ఉండగా దాని దూలం ఒకటి విరిగి నెత్తిన పడి చచ్చాడు. కీర్తి తెచ్చిన ఓడే ప్రాణం తీసింది. ప్రమాణం తప్పినవాడికి పిడుగు కూడా దండగ అనుకున్నారేమో దేవుళ్ళు, పుచ్చు కర్రతో సరిపెట్టారు.

సరే, టైటన్లకేమైంది?

"సినిమా పేర్లలో టైటన్లు, టైటన్లు అంటారు, వాళ్ళెవరండీ?" అని అడగవచ్చు మీరు. జియస్ కంటే ముందు తరం దేవుళ్ళు. క్రీ.పూ. 700 ప్రాంతంలో హెసియాడ్ అనే కవి 'థియోగొనీ' అనే కావ్యంలో వీళ్ళ కథ చెప్పాడు. ఆకాశం తండ్రి, భూమి తల్లి. పన్నెండుమంది. ఆఖరివాడు క్రోనస్ కొడవలితో తండ్రిని కోసి రాజ్యం పట్టాడు. తన బిడ్డ తనకూ అదే గతి పట్టిస్తాడని తెలిసి పుట్టిన పిల్లల్ని పుట్టినట్టే మింగేశాడు. జియస్ ఒక్కడూ తప్పించుకుని, పెరిగి, తోబుట్టువుల్ని కక్కించి, పదేళ్ళు యుద్ధం చేసి తండ్రి తరాన్ని టార్టరస్ అనే పాతాళంలో పడేశాడు. అదెంత లోతంటే, ఆకాశం నుంచి కంచు దాగలిని జారవిడిస్తే తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు పడి పదోనాడు భూమిని చేరుతుందట. భూమి నుంచి టార్టరస్‌కు మళ్ళీ అంత దూరం! కాపలాకు నూరుచేతుల రాక్షసులు. ఆ కావ్యంలో వాళ్ళు మళ్ళీ బయటికి రారు.

సినిమాల్లో? ఎప్పుడు చూసినా జైలు బద్దలు కొట్టుకుని బయటపడుతూనే ఉంటారు! డిస్నీ 1997 చిత్రంలో హేడిస్ వాళ్ళను విడిపిస్తాడు. 2011లో వచ్చిన 'ఇమ్మోర్టల్స్'లో పంజరం పగలగొడతారు. 2012 'రాత్ ఆఫ్ ది టైటన్స్'లో క్రోనస్ నిప్పులు కక్కే కొండలా లేచొస్తాడు. మూడింట్లోనూ ఒకే ఫార్ములా: తలుపు తెరుచుకుంటుంది, పెద్ద విలన్ వస్తాడు, హీరో మళ్ళీ మట్టి కరిపిస్తాడు. 1981 చిత్రం ఇంకా ఘనం. పేరులో టైటన్లే గాని లోపల ఒక్క అసలు టైటన్ కూడా లేడు. వాళ్ళు టైటన్ అని చెప్పిన క్రాకెన్ గ్రీకు జంతువే కాదు, నార్వే సముద్రాల కథల్లోది!

'ఇమ్మోర్టల్స్' తీసిన తర్సేమ్ సింగ్ మన జలంధర్‌లో పుట్టినవాడే. కంటికి ఇంపైన దృశ్యాలు కట్టడంలో దిట్ట. ఆ చిత్ర కథానాయకుడు థీసియస్. పురాణంలో థీసియస్ క్రీట్ నుంచి గెలిచి వస్తూ, బతికుంటే తెల్ల తెరచాప ఎత్తుతానని తండ్రికిచ్చిన మాట మరిచిపోయాడు. నల్ల తెరచాప చూసి, కొడుకు పోయాడనుకుని తండ్రి ఈజియస్ సముద్రంలో దూకాడు. ఈజియన్ సముద్రానికి ఆ పేరు అలా వచ్చిందంటారు. విజయం తెచ్చిన రోజే తండ్రిని పోగొట్టుకున్న కొడుకు! ఎంత సీను! చిత్రంలో ఆ ఊసే లేదు.

టైటన్ల వంశంలో ఒకడు మాత్రం మనకోసం శిక్షపడ్డాడు. ప్రొమీథియస్. మనుషులకు చలి, చీకటి తప్పించాలని దేవతల నిప్పును సోంపుజాతి మొక్క కాడలో దాచి తెచ్చాడు. జియస్ అతన్ని బండకు కట్టించాడు. రోజూ గద్ద వచ్చి కాలేయం తింటుంది. రాత్రికి అది మళ్ళీ పెరుగుతుంది. పొద్దున్నే మళ్ళీ గద్ద. చివరికి ఆ గద్దను కొట్టి విడిపించింది ఎవరో తెలుసా? శిక్ష అనుభవిస్తూ ఆ దారిన వచ్చిన మన హెర్క్యులిసే! ఒక ఖైదీ ఇంకో ఖైదీని విడిపించాడు. రిడ్లీ స్కాట్ 2012లో 'ప్రొమీథియస్' అని పెద్ద చిత్రం తీస్తే అందులో ఆ పేరు ఒక అంతరిక్ష నౌకకు పెట్టారు. నిప్పు తెచ్చినవాడి కథ కాదది.

అంతులేని శిక్ష సినిమాకు పనికిరాదన్నది ఒక లెక్క. కొండమీదికి బండ దొర్లించే సిసిఫస్ కథ తీస్తే, బండ కిందికి దొర్లగానే ప్రేక్షకుడు లేచిపోతాడు. గడ్డందాకా నీళ్ళలో నిలబడి దాహంతో అల్లాడే టాంటలస్‌కు క్లయిమాక్స్ ఎక్కడినుంచి తెస్తారు? ఆ కష్టం ఒప్పుకోవాల్సిందే. కాని హెర్క్యులిస్‌కీ, పెర్సియస్‌కీ, జేసన్‌కీ అలా కాదు. వాళ్ళ శిక్షలోనే కథ ఉంది, మలుపుంది, ముగింపూ ఉంది.

ధైర్యం చేసినవాళ్ళూ ఉన్నారు

అందరూ కత్తెర వేసినవాళ్ళే అంటే పాపం. ఇటలీ దర్శకుడు పసోలినీ 1969లో 'మెడియా' తీశాడు. మెడియా పాత్రకు ఎవర్ని తెచ్చాడో చూడండి.. ప్రపంచప్రసిద్ధ ఒపెరా గాయని మరియా కాలస్‌ను! ఆమె నటించిన ఒకే ఒక్క కథాచిత్రం అది. అంతటి గాయనిచేత ఒక్క పాటా పాడించలేదు. ముఖమే మాట్లాడింది. జేసన్ వేషం వేసింది నటుడు కాదు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ట్రిపుల్ జంప్‌లో కాంస్యపతకం గెలిచిన జుసెప్పె జెంటిలే. దూకడం తప్ప వెనక్కి తిరిగి చూడటం తెలియని జేసన్‌కు అంతకంటే సరైనవాడు దొరుకుతాడా?

గ్రీకు దర్శకుడు కకోయానిస్ 1977లో 'ఇఫిజీనియా' తీశాడు. ట్రాయ్ యుద్ధానికి బయల్దేరిన ఓడలకు గాలి లేదు. దేవతకు కోపం వచ్చిందట, సేనాపతి అగమెమ్నాన్ తన కూతుర్ని బలి ఇవ్వాలట. పెళ్ళి చేస్తానని చెప్పి పిల్లను పిలిపించాడు తండ్రి. తల్లి క్లైటెమ్నెస్ట్రాగా ఐరీన్ పాపస్ నటించింది. ఆ తల్లి చూపును చూసి తట్టుకోవడం కష్టం. ఈ చిత్రంలో దేవుళ్ళు కనిపించరు, ట్రిక్కులు లేవు, రాక్షసులు లేరు. ఒక పెద్దమనిషి తన పదవి కోసం బిడ్డ ప్రాణం ఇవ్వడానికి ఎలా ఒప్పుకుంటాడో అంతే చూపించాడు. ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. నేరాన్ని దాచకపోతే జనం చూడరన్న మాట అబద్ధమని రుజువు చేసిన బొమ్మ ఇది.

యూరిపిడిస్ హెర్క్యులిస్ మీద కూడా ఒక నాటకం రాశాడు. ఆయన వరస మార్చాడు. పన్నెండు పనులూ ముగించి, ఇంటికొచ్చి, పిల్లల్ని ముద్దాడిన తర్వాతే హీరోకి పిచ్చి పడుతుంది. పిల్లల్నీ మెగారానూ చంపేస్తాడు. మెలకువ వచ్చాక ముఖం కప్పుకుని నేలమీద కూలబడతాడు. చచ్చిపోతానంటాడు. అప్పుడు స్నేహితుడు థీసియస్ వస్తాడు. నన్ను తాకకు, మైల నీకూ అంటుతుంది అంటాడు హెర్క్యులిస్. థీసియస్ లెక్కచెయ్యడు. ముసుగు తీయిస్తాడు, చెయ్యి పట్టుకుని లేపుతాడు, మా ఊరు పద, బతుకు అంటాడు. సింహాన్ని చంపినవాడికి నాలుగడుగులు వేయడానికి ఇంకో మనిషి భుజం కావాల్సి వచ్చింది. ఆ భుజం పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోతాడు. నాటకం అక్కడ ముగుస్తుంది.

ఇందాక చెప్పుకున్న హెర్క్యులిస్ చిత్రాలు వేటిలోనూ ఈ సీను లేదు. కోట్లు పోసి కొండల్ని కూల్చారు, సముద్రాల్ని చీల్చారు. ఈ సీనుకు కావాల్సింది ఇద్దరు నటులు, ఒక ఖాళీ గుమ్మం. ఎవరైనా తీస్తే మొదటి ఆటకే టిక్కెట్టు కొనడానికి నేను సిద్ధం. మీరూ వస్తారా?